జీవాన్ని కోసినప్పుడు కార్జం ఎలా చూడాలి, జలగలూ నీటి బుడగలూ కనపడితే ఏం చెయ్యాలి

మొన్న పోలేరమ్మ కొలుపులకి మా బాబాయ్ వాళ్లు పొట్టేలు కోశారు. తోలు తీసి పొట్ట చీల్చి కార్జం బయటకి తీసినాయన ఒక్క క్షణం ఆగి, అంచున ఉన్న ముక్క చటుక్కున కోసి గోడ అవతలకి విసిరేశాడు. అక్కడ అప్పటికే నాలుగు కుక్కలు కాచుకుని ఉన్నాయి, నేను లేచి వెళ్లేలోపే అంతా అయిపోయింది. ఆ ముక్కలో ఏముందో నేను చూశా, నిమ్మకాయంత నీటి బుడగ. కోసినాయన తప్పేం లేదు, చెడిపోయిన ముక్క మనం తినకూడదు అనుకుని తీసేశాడు, అంతవరకు కరెక్టే. కానీ అది కుక్క నోట్లోకి పోవడమే అసలు ప్రమాదం, అది ఎవరూ ఆయనకి చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నా.

మాది జీవాలు మేపే ఇల్లు, సాగర్ కుడి కాలవ కింద ఊరు. నేను పశువుల డాక్టర్ గారి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లల్లో నట్టల మందులు తాగించే పని చేస్తుంటా. టౌన్లో కబేళాకి పోతే డాక్టర్ చూసి ముద్ర వేస్తారు, 2001లో వచ్చిన కబేళా రూల్స్ ప్రకారం ఒక డాక్టర్ గంటకి 12 జీవాల కంటే ఎక్కువ, రోజుకి 96 కంటే ఎక్కువ చూడకూడదు కూడా. ఊళ్లల్లో చింతచెట్టు కింద కోసే పొట్టేలుకి చూసేవాళ్లెవరుంటారు, మనమే చూసుకోవాలి. నేర్చుకుంటే పెద్ద కష్టం కాదు, పది నిమిషాల పని.

ముందు అసలు కొయ్యకూడని జీవం గురించి చెప్తా. నిన్న బాగా మేసి పొద్దున్నకి చచ్చిపడి ఉంది, ముక్కులోంచో వెనకనుంచో నల్లటి నెత్తురు కారుతుంది, గడ్డ కట్టట్లేదు, పొట్ట త్వరగా ఉబ్బిపోయింది అంటే దాని మీద కత్తి పెట్టొద్దు. అది దొమ్మ కావచ్చు, ఆంత్రాక్స్ అంటారే అదే. కార్జం చూద్దాం, తోలు అమ్ముకుందాం అని కోస్తే మనుషులకి వస్తది, కోసిన చోట నేల కూడా ఏళ్ల తరబడి పాడైపోద్ది. తాకకుండా, కుక్కల్ని రానివ్వకుండా డాక్టర్కి ఫోన్ చెయ్యండి, అంతే.

మామూలుగా కోసే జీవం అయితే కోసే ముందే రెండు చోట్ల చూడండి. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి, తెల్లగా పాలిపోయి ఉంటే నెత్తురు తక్కువ. తర్వాత దవడ కింద చెయ్యి పెట్టండి, అక్కడ మెత్తగా సంచిలాగా నీరు దిగి ఉంటే, ముఖ్యంగా సాయంత్రం మేత నుంచి వచ్చాక ఎక్కువ, పొద్దున్నకి తగ్గినట్టు ఉంటే జలగల అనుమానం పెట్టుకోవచ్చు. జలగలంటే చెరువులో ఒంటికి పట్టేవి కాదు, కార్జంలో ఉండే ఆకులాంటి నట్టలు. ఖచ్చితంగా జలగలే అని కాదు, కడుపులో నెత్తురు పీల్చే నట్టలున్నా అలాగే నీరు దిగుద్ది. తేల్చేది కార్జమే.

కార్జం చూడ్డానికి కావాల్సింది పగటి వెలుతురు, తెల్లటి పళ్లెం, ఒక చిన్న పదునైన కత్తి, గోరువెచ్చని నీళ్లు, చేతులకి గ్లౌజులు. గ్లౌజులు లేకపోతే పాల ప్యాకెట్ కవర్లైనా చేతులకి తొడుక్కోండి. చేతి మీద గాయం ఉంటే వేరేవాళ్లని చూడమనండి. చేదు తిత్తి పగలకుండా ముందు తీసెయ్యండి, ఇది కోసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అయితే తీసే ముందు దాన్ని ఒకసారి చూడండి, చేదు తిత్తి బాగా ఉబ్బి గోడలు మందంగా ఉంటే లోపల జలగలు ఉండే అవకాశం ఉంది.

బాగున్న కార్జం ముదురు ఎర్ర గోధుమ రంగులో నున్నగా మెరుస్తా ఉంటది, అంచులు పల్చగా కత్తి అంచులా ఉంటాయి, బొటనవేలితో నొక్కితే గట్టిగా సాగినట్టు ఉంటది కానీ రాయిలా ఉండదు. ఒక పొట్టేలు కార్జం సుమారు అర కిలో వస్తది. ఇది కళ్లల్లో పెట్టుకుంటే తేడా ఉన్నది దానంతట అదే కనపడుద్ది. అంచులు మొద్దుబారి గుండ్రంగా అయిపోయాయా, పైన తెల్లటి గీతలూ మచ్చలూ ఉన్నాయా, ఎక్కడైనా గట్టిగా గుబ్బలా తగుల్తుందా, మొత్తం మీద వేళ్లతో నిదానంగా తడుముతా పోండి. కంటి కంటే వేళ్లకే ముందు తెలుస్తది. పైకి కనపడని బుడగలు లోపల ఉంటాయి, తడిమితేనే దొరుకుతాయి.

ఇప్పుడు జలగలు. కార్జాన్ని తిరగేసి, పొట్ట వైపు ఉండే ముఖం పైకి పెట్టండి. ఆ వైపే పైత్యం గొట్టాలు తెల్లగా కొమ్మల్లాగా పాకుతా కనపడతాయి. మామూలుగా సన్నగా ఉండి పెద్దగా కనపడవు, జలగలున్న కార్జంలో పెన్సిల్ అంత లావై పైకి ఉబ్బి ఉంటాయి. ఆ గొట్టాలకి అడ్డంగా ఒక గాటు పెట్టండి, మరీ లోతుగా వద్దు, గొట్టం తెగితే చాలు. తర్వాత కార్జం చివరి నుంచి గాటు వైపుకి, పాల ప్యాకెట్ అడుగు నుంచి వత్తినట్టు, బొటనవేళ్లతో వత్తండి. జలగలుంటే పైత్యంతో పాటు చుట్టుకుని జారి బయటకి వస్తాయి. పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో వెయ్యండి, అప్పుడే కోసిన జీవం అయితే అవి విప్పుకుని మెల్లగా ముడుచుకుంటా సాగుతా కదుల్తాయి. పల్చగా బూడిద గోధుమ రంగులో ఆకులాగా ఉంటాయి, ఒక చివర చిన్న మొనలాగా. మన మైదానాల్లో ఎక్కువగా ఉండేది ఫాసియోలా జైగాంటికా అనే పెద్ద రకం, రెండున్నర సెంటీమీటర్ల నుంచి ఏడు సెంటీమీటర్ల దాకా పొడుగు ఉంటది. కొండ ప్రాంతాల చల్లటి ఊళ్లల్లో ఉండే హెపాటికా రకం పొట్టిది, మూడు సెంటీమీటర్ల లోపే. మొదటిసారి చూసినవాళ్లు నెత్తురు గడ్డ అనుకుని కడిగేస్తారు, నేను కూడా అలాగే అనుకున్నా. నీళ్లల్లో వేస్తే గడ్డ కరుగుద్ది, జలగ కదులుద్ది.

గేదెల్లో ఇంకో గుర్తు ఉంది. పాత జలగలున్న గేదె కార్జం కోస్తుంటే కత్తి కింద కరకరమని సున్నం గీసినట్టు శబ్దం వస్తది, గొట్టాలు సున్నం పట్టి గట్టిపడిపోతాయి. గొర్రెల్లో గొట్టాలు మందం అవుతాయి కానీ అట్లా సున్నం పట్టడం ఉండదు. ఒకసారి వింటే ఆ శబ్దం మర్చిపోరు.

జలగ ఒక్కటి కూడా దొరక్కపోయినా కార్జం నిండా ఎర్రటి సన్న దారులు, పురుగు తొలిచినట్టు, కొన్నిచోట్ల నెత్తురు కమిలినట్టు కనపడితే నిర్లక్ష్యం చెయ్యొద్దు. పిల్ల జలగలు పేగు గోడ చీల్చుకుని బయటపడి కార్జంలోకి దూరి, గొట్టాల్లోకి చేరేదాకా వారాల తరబడి కండనే తొలుచుకుంటా తిరుగుతాయి. ఆ టైంలో పెంటికలు టెస్టుకి ఇచ్చినా గుడ్లు కనపడవు, ఎందుకంటే గుడ్లు పెట్టేది పెద్ద జలగే, అది పెద్దదవడానికి మూడు నాలుగు నెలలు పడుద్ది. టెస్టులో ఏం లేదన్నారు కదా అని ఊరుకుంటే మందలో మంచి జీవాలే ముందు పడిపోతాయి. ఆ దారులే బద్దె పురుగు పిల్లల వల్ల కూడా రావచ్చు, అది తర్వాత చెప్తా.

ఇక నీటి బుడగలు. ఇవి రెండు రకాలు, రెండూ కుక్క నుంచే వస్తాయి, కానీ తేడా చాలా ఉంది. ఒకటి పల్చటి పొరతో కార్జం మీద గానీ పేగుల మీద కొవ్వు తెర మీద గానీ ద్రాక్షపండులాగా వేలాడుతూ ఉంటది, లోపల నీరు తేటగా ఉండి, ఒక్కటే తెల్లటి బియ్యపు గింజంత ముద్ద బయటకే కనపడుద్ది. ఇది మనుషులకి అంటదు. దీని పిల్లలు కార్జంలో తిరిగినప్పుడే ఇందాక చెప్పిన దారులు పడతాయి, మేకపిల్లల్లో ఎక్కువ చూస్తాం. రెండోది హైడాటిడ్. అది వేలాడదు, కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో సగం కూరుకుపోయి ఉంటది, పైకి తెల్లటి గుండ్రటి గుబ్బ మాత్రం కనపడుద్ది, నొక్కితే బిగుతుగా బంతిలా ఉంటది, గోడ మందంగా ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా ఉంటది. ఒకటి దొరికితే ఇంకా వెతకండి, ఊపిరితిత్తులు కూడా తప్పకుండా తడమండి, అక్కడా ఉంటాయి. దాన్ని పొడవద్దు, చిదమొద్దు, నీరు పిచికారీలాగా మొహాన చిమ్ముద్ది. ఏ రకమో తేల్చుకోలేకపోతే హైడాటిడ్ అనే అనుకుని నడుచుకోండి.

అన్నీ పురుగులు కాదని కూడా చెప్పాలి. పసుపు పచ్చగా మెత్తగా వెన్నలాగా ఉంటే కొవ్వు పట్టిన కార్జం, సూడి జీవాల్లో చూస్తాం. లోపల చిక్కటి చీము ఉంటే అది గడ్డ. పంది కార్జం మీద పాలు చిలకరించినట్టు తెల్ల మచ్చలుంటే ఏలిక పాముల పిల్లలు దాటిపోయిన గుర్తు, ఆ మచ్చలు చెక్కేస్తే సరిపోద్ది, పందులకి మందు వెయ్యాలి. కార్జమే కాదు, జీవం మొత్తం కొవ్వూ కండా పచ్చగా పసుపు రాసినట్టు ఉంటే అది కామెర్లు, ఆ మాంసం ఏదీ తినొద్దు.

తినొచ్చా లేదా అని అందరూ అడిగేది ఇదే. జలగలున్న కార్జం తింటే మనకి జలగలు రావు. జలగ పిల్ల మనిషికైనా పశువుకైనా నీళ్ల అంచున పెరిగే ఆకుల మీద నుంచో ఆ నీళ్ల నుంచో రావాలి, కార్జం కూరలోంచి కాదు. ఒక మూల కొద్దిగా ఉంటే ఆ భాగం చుట్టూ వెడల్పుగా కోసి తీసేసి మిగిలింది బాగా ఉడికించి తినొచ్చు. గొట్టాలన్నీ లావైపోయి, కార్జం గట్టిపడి, ఎక్కడ గాటు పెట్టినా జలగే వస్తుంటే మొత్తం పారేయండి, మూడొందలకో నాలుగొందలకో ఆశపడొద్దు. హైడాటిడ్ బుడగ ఒక్కటున్నా ఆ కార్జం మొత్తం పక్కన పెట్టండి. నిజానికి ఆ బుడగ పొరపాటున కూరలో ఉడికినా మనకి హైడాటిడ్ రాదు. వినడానికి వింతగా ఉంటది, మేం చెప్తే చాలామంది నమ్మరు. మనకి వచ్చేది కుక్క పెంట నుంచి.

అదెలాగో నిదానంగా చెప్తా, ఎందుకంటే మొత్తం ఇక్కడే ఉంది. కుక్క ఆ బుడగ తింటే అందులో ఉండే ఇసుక రేణువుల్లాంటి పిల్లలు దాని పేగులో అతుక్కుని ఆరేడు వారాల్లో చిన్న బద్దె పురుగులవుతాయి, పొడుగు సెంటీమీటరు కూడా ఉండదు, కుక్క పెంటలో మన కంటికి ఆనవు. కుక్క హుషారుగానే ఉంటది, ఏ జబ్బూ కనపడదు. దాని పెంటలో గుడ్లు పడతాయి, అవి గడ్డికి అంటుకుని గొర్రె నోట్లోకి పోతాయి, కుక్క ఒంటి వెంట్రుకలకి అంటుకుని దాన్ని వాటేసుకునే పిల్లల చేతులకి వస్తాయి, పెరట్లో కొత్తిమీరకి వస్తాయి. తడిగా చల్లగా ఉన్న నేలలో నెలల తరబడి బతుకుతాయి. మనిషిలోకి పోతే ఎక్కువగా కార్జంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో బుడగ కట్టుద్ది, ఏళ్ల తరబడి ఏం తెలీదు, పెద్దదయ్యాక కడుపు కుడివైపు బరువనో నొప్పనో స్కానింగ్కి పోతే అప్పుడు బయటపడుద్ది. ఆపరేషన్ దాకా పోతారు. కుక్కలతో పొద్దస్తమానం తిరిగే కాపరుల ఇళ్లల్లో దీని గురించి తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటది.

ఆపడం మాత్రం చేతుల్లో ఉన్న పనే. ఐస్లాండ్ అనే చలి దేశంలో ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఉండేది, డెన్మార్క్ నుంచి హరాల్డ్ క్రాబే అనే ఆయన 1863లో అక్కడికెళ్లి కుక్కల్ని పరిశీలించి, తర్వాత చిన్న పుస్తకం రాస్తే అది ఇంటింటికీ పంచారు. గొర్రె లోపలి భాగాలు పచ్చివి కుక్కకి వెయ్యొద్దు, కుక్కలకి మందు వెయ్యండి, చేతులు కడుక్కోండి, ముఖ్యంగా ఇవే. ఇప్పుడు అక్కడ ఆ జబ్బే లేదు. న్యూజిలాండ్లో కూడా ఇదే పద్ధతిలో తగ్గించుకుంటా వచ్చి 2002లో లేనట్టే అని ప్రకటించారు. చదువుకున్న కాపరులు చేసిన పనే అది, మనవాళ్లూ చెయ్యగలరు.

కాబట్టి కోసే చోట కుక్కల్ని ముందే కట్టేయండి లేదా తరిమి ఒక పిల్లాడిని కాపలా పెట్టండి. తీసేసిన కార్జం, ఊపిరితిత్తులు, బుడగలున్న కొవ్వు తెర అన్నీ ఒక బకెట్లో మూతపెట్టి ఉంచండి. తర్వాత నాలుగడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి, పైన రాళ్లూ కంపా వెయ్యండి, లేకపోతే కుక్కలు తవ్వి తీస్తాయి, నేను చూశాను. గొయ్యి తీసే వీలు లేకపోతే కట్టెల పొయ్యి మీద పాత డేగిసాలో చిన్న ముక్కలుగా కోసి, నీళ్లు మరిగాక కనీసం అరగంట ఉడికించండి, అప్పుడు కుక్కకి వేసినా ఏం కాదు. కాలవలో మాత్రం పడేయొద్దు. కత్తులూ పీటా వేడినీళ్లతో సబ్బుతో కడగండి.

కుక్కకి మందు ప్రాజిక్వాంటెల్, కేజీకి 5 మిల్లీగ్రాముల లెక్క, 20 కేజీల కుక్కకి 100 మిల్లీగ్రాములు. మా దగ్గర కాపరులకి మూడు నెలలకోసారి చెప్తా, కోతలు ఎక్కువ జరిగే ఊళ్లల్లో ఆరు వారాలకోసారి అయితే ఇంకా మంచిది. మందు వేశాక రెండు రోజులు కుక్కని కట్టేసి, దాని పెంట తీసి కాల్చెయ్యండి లేదా లోతుగా పూడ్చండి, ఎందుకంటే పురుగులతో పాటు గుడ్లు కూడా అప్పుడే బయటకి వస్తాయి. ఈ రెండు రోజులే ఎక్కువమంది వదిలేస్తారు.

ఇక మంద సంగతి. కోసిన ఒక్క పొట్టేల్లో జలగలున్నాయంటే అది మేసిన చోటే మేసిన మిగతా నలభైకీ ఉన్నాయనే అనుకోవాలి. ఒక్కో పెద్ద జలగ రోజుకి వేల గుడ్లు పెడుద్ది, అర మిల్లీలీటరు దాకా నెత్తురు పోగొట్టుద్ది, కార్జంలో వంద ఉంటే లెక్కేసుకోండి. మా తాత చెప్పేవాడు, 1967లో కాలవ నీళ్లు రాకముందు మెట్ట పొలాల్లో మేపినప్పుడు ఈ దవడ వాపు ఇంతగా చూడలేదని. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, దాంతో నత్తలూ వచ్చాయి. నత్త లేకపోతే జలగ లేదు. పేడలో పడ్డ గుడ్డు నీళ్లల్లో పొదిగి, దాని పిల్ల ఒక నత్తలోకి దూరి, అక్కడ నెల రెండు నెలలు పెరిగి వందలుగా బయటకొచ్చి నీటి అంచు గడ్డికి తెల్లటి చుక్కలాగా అతుక్కుంటది. ఆ నత్తని గుర్తుపట్టడం తేలిక, పల్చటి గుల్ల, ఒక్క గోరంత, మొన పైకి పెట్టి నోరు మీ వైపు తిప్పితే తెరిచిన నోరు కుడి చేతి వైపు ఉంటది. చక్రంలా చదునుగా చుట్టుకున్న నత్త వేరే రకం, అది పొట్ట జలగల్ని మోస్తది.

మందు విషయంలో ఒకటి గట్టిగా చెప్తా, ఐవర్మెక్టిన్ జలగల మీద పనిచెయ్యదు. ఇంజెక్షన్ వేయించాం కదా అంటారు, అది వేరే పురుగులకి. ఆల్బెండజోల్ పెద్ద జలగల మీద కొంత పనిచేస్తది, పిల్ల వాటి మీద చెయ్యదు, పైగా సూడి కట్టిన మొదటి నెలలో తాగిస్తే పిల్లలు అవకరంతో పుట్టొచ్చు. ఆక్సిక్లోజనైడ్ కూడా పెద్ద జలగలకే. పిల్ల జలగల్ని కూడా చంపేది ట్రైక్లాబెండజోల్, గొర్రెకి కేజీకి 10 మిల్లీగ్రాములు. 30 కేజీల పొట్టేలుకి 300, సీసాలో మిల్లీలీటరుకి 50 ఉంటే 6 మిల్లీలీటర్లు అవుద్ది. సీసా మీద బలం చూడకుండా పక్కింటాయన ఎంత పోశాడో అంతే పొయ్యొద్దు. క్లోసాంటెల్ అనే ఇంకో జలగల మందు ఉంది, దాని డోసు ఎక్కువైతే జీవాలకి చూపు పోద్ది, అందుకే మందలో రెండు మూడింటిని తూకం వేసి పొయ్యండి, కంటి అంచనా వద్దు. తల మరీ పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతాయి, మూతి కళ్లకి సమానంగా ఉంటే చాలు. మందు తాగించాక సీసా మీద రాసిన రోజులు అయ్యేదాకా కొయ్యొద్దు, కొన్నిటికి నెల దాటి ఉంటది, పాలిచ్చే వాటికి ఏది వాడొచ్చో డాక్టర్ని అడగాల్సిందే. మా కాలవ కింద ఊళ్లల్లో వానలకి ముందొకసారి, వానలయ్యాక ఒకసారి, చెరువులు ఎండుతా అంచులు పచ్చగా ఉండే జనవరి ఫిబ్రవరిలో ఇంకోసారి తాగిస్తాం.

మేత దగ్గర మార్చగలిగింది మార్చండి. చెరువు అంచునా కాలవ గట్టు దిగువనా తోలకుండా, నీళ్లు తొట్టిలో పోసి తాగించండి. పచ్చి వరిగడ్డి మొదలు భాగం, నీళ్లల్లో మునిగి ఉన్నది, కోసిన వెంటనే వెయ్యొద్దు, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి వెయ్యండి, ఎండకి జలగ పిల్లలు చస్తాయి. బాతులు పెంచేవాళ్లుంటే కోతలయ్యాక పొలంలోకి రానివ్వండి, నత్తల్ని బాగా ఏరుకు తింటాయి.

డాక్టర్కి చూపించాలనుకుంటే జలగల్ని చిన్న మూత డబ్బాలో ఉప్పు నీళ్లల్లో వేసి, బుడగలున్న ముక్కని కొయ్యకుండా అలాగే మందపాటి కవర్లో రెండు పొరలు కట్టి, అదే రోజు పట్టుకెళ్లండి. వీలుకాకపోతే గాటు పెట్టిన చోట దగ్గర్నుంచి ఫోటో తీసి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి, సైజు తెలుస్తది. జీవం ఎక్కడ కొన్నారు, ఎక్కడ మేసింది, చివరగా ఏ మందు ఏ నెలలో తాగించారు, ఈ మూడూ ఒక చీటీ మీద రాసి ఇవ్వండి, డాక్టర్ గారు ముందు అడిగేది అవే.